పాత సబ్‌డొమైన్‌ను కొత్త డొమైన్‌కు మళ్లించడం: డీఎన్‌ఎస్ చేయగలిగినది ఎంత, వెబ్ సర్వర్‌కు వదిలివేయవలసినది ఎంత

కర్నూలు నుంచి మార్కెట్ యార్డుల ధరలను తెలియజేసే ఒక వెబ్‌సైట్ నిర్వహణ కొన్నేళ్లుగా నా బాధ్యతలో ఉంది. కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, అనంతపురం వేరుశనగ, కడప పసుపు ధరలు చూసుకునే రైతులకు, వ్యాపారులకు వీలుగా ఉండాలని మొదటి నుంచీ ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క సబ్‌డొమైన్ (డొమైన్ అనే సైట్ పేరుకు ముందు చుక్కతో చేర్చే ఉపపేరు) కేటాయించాము. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమలులోకి వచ్చి, కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లా విడిపోయినప్పుడు ఈ పేర్లన్నింటినీ సరిచేయవలసి వచ్చింది. అదే అదనుగా పాత డొమైన్‌ను విడిచి కొత్త డొమైన్‌కు మారాలని నిశ్చయించుకున్నాము. ఈ వ్యాసంలో పాత డొమైన్‌ను పాతపేరు.ఇన్ అనీ, కొత్తదానిని కొత్తపేరు.కామ్ అనీ వ్యవహరిస్తాను. అప్పుడు మా ముందున్న మార్గాలు ఏమిటో, వాటిలో ఏది ఏ సందర్భానికి తగినదో, ఇదే పని చేయబోయే వారికి ఉపయోగపడేలా వివరించడం నా ఉద్దేశం.

మార్గాలను పోల్చే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి, ఎందుకంటే నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. డీఎన్‌ఎస్ అనేది ఒక పేరుకు సంబంధించిన ఐపీ చిరునామా (సర్వర్‌ను గుర్తించే అంకెల చిరునామా) ఏమిటో చెప్పే వ్యవస్థ మాత్రమే. సందర్శకుడు ఏ పేజీ అడుగుతున్నాడో దానికి తెలియదు. అతనిని మరొక చిరునామాకు వెళ్లమని చెప్పే సాధనం కూడా దానిలో లేదు. బ్రౌజర్ పైభాగంలో కనిపించే చిరునామా మారాలంటే బ్రౌజర్, వెబ్ సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ భాషలో ఒక జవాబు రావాలి, ఆ జవాబు ఇవ్వగలిగినది వెబ్ సర్వర్ లేదా వెబ్ సర్వర్‌లా ప్రవర్తించే మరొక సేవ మాత్రమే. అంగడి ఎక్కడ ఉందో చెప్పేది డీఎన్‌ఎస్ అయితే, ఆ అంగడి తలుపు మీద ‘మేము ఫలానా చోటికి మారాము’ అని కాగితం అతికించేది వెబ్ సర్వర్. తలుపు దాకా వచ్చిన మనిషికే ఆ కాగితం కనిపిస్తుంది కాబట్టి, మళ్లింపు ఏ రకమైనదైనా పాత పేరుకు జవాబిచ్చే సర్వర్ ఒకటి ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉండాలి.

సీనేమ్ రికార్డు (ఒక పేరుకు బదులు మరొక పేరును చూడమని చెప్పే డీఎన్‌ఎస్ నమోదు) మీద ఉన్న అపోహను ఈ దృష్టితో చూస్తే సులభంగా అర్థమవుతుంది. కర్నూలు.పాతపేరు.ఇన్ అనే పేరుకు కర్నూలు.కొత్తపేరు.కామ్‌ను సూచిస్తూ సీనేమ్ రాస్తే మళ్లింపు పూర్తయిందని చాలామంది భావిస్తారు. నిజానికి జరిగేది వేరు. బ్రౌజర్ కొత్త సర్వర్ ఐపీ తెలుసుకుని అక్కడికి వెళ్తుంది గాని, తాను అడుగుతున్నది కర్నూలు.పాతపేరు.ఇన్ అనే చెబుతుంది; హోస్ట్ హెడర్‌లోనూ (అభ్యర్థనలో సైట్ పేరు తెలిపే వరుస), అంతకంటే ముందు జరిగే టీఎల్‌ఎస్ పలకరింపులోనూ (సురక్షిత అనుసంధానం ఏర్పరచే మొదటి సంభాషణ) పాత పేరే ఉంటుంది. కొత్త సర్వర్‌లో ఆ పేరుకు ఏర్పాటు చేయకపోతే సందర్శకుడికి సర్టిఫికెట్ (సైట్ పేరు నిజమైనదని బ్రౌజర్‌కు చూపే ధ్రువపత్రం) హెచ్చరిక గాని, హోస్టింగ్ సంస్థ ఖాళీ పేజీ గాని, అదే సర్వర్‌లో ఉన్న సంబంధంలేని మరొక సైట్ గాని కనిపిస్తుంది. ఎన్జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పేరుతోనూ సరిపోలని అభ్యర్థన ఆ పోర్టుకు డిఫాల్ట్‌గా గుర్తించిన సర్వర్ భాగానికి, అలా గుర్తించినది లేకపోతే మొదట రాసిన భాగానికి చేరుతుంది. మూడవ పరిస్థితికి కారణం అదే. ఏర్పాటు చేసినా చిరునామా మాత్రం మారదు. ఒకే సమాచారం రెండు పేర్లతో లభిస్తుంది, సెర్చ్ ఇంజిన్లు ఏది అసలైనదో తమంతట తామే నిర్ణయించుకోవలసి వస్తుంది.

అయితే సీనేమ్ పనికిరానిదని నా అభిప్రాయం కాదు. పేరు మారకుండా, సైట్ ఉండే చోటు మాత్రమే మారుతున్నప్పుడు దానిని మించిన మార్గం లేదు. ఉదాహరణకు, సహాయం.కొత్తపేరు.కామ్ అనే పేరును బయటి సంస్థ నడిపే సేవకు అప్పగించి, పేరు మాత్రం మనదే కనిపించాలనుకుంటే సీనేమే సరైనది. డొమైన్ మారుతున్నప్పుడు కూడా దానికి ఒక సహాయక పాత్ర ఉంది. పాత సబ్‌డొమైన్లన్నింటినీ సీనేమ్ ద్వారా మళ్లింపు పని చూసే ఒకే సర్వర్ పేరుకు కలిపితే, రేపు ఆ సర్వర్ ఐపీ మారినా ఒకే ఒక్క రికార్డును సరిదిద్దితే సరిపోతుంది. మేము అనుసరించినది ఈ పద్ధతే. అంటే డీఎన్‌ఎస్సా, వెబ్ సర్వరా అన్న ప్రశ్నే సరైనది కాదు. మొదటిది సందర్శకుడిని తలుపు దాకా తెస్తుంది, రెండవది అక్కడి నుంచి పంపుతుంది.

ఏ సబ్‌డొమైనూ లేని మూల పేరుకు, అంటే పాతపేరు.ఇన్‌కు, సీనేమ్ రాయకూడదు. సీనేమ్ ఉన్న పేరుకు ఇతర రికార్డులు ఉండరాదన్నది 1987 నాటి డీఎన్‌ఎస్ ప్రమాణం నుంచీ ఉన్న నియమం, మూల పేరుకు ఎన్‌ఎస్, ఎస్‌ఓఏ రికార్డులు (డొమైన్ వివరాలు ఏ సర్వర్ల వద్ద ఉన్నాయో, వాటి నిర్వహణ ఎలాగో తెలిపేవి) తప్పనిసరి, ఈమెయిల్ వాడుతుంటే మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ కూడా అక్కడే ఉంటుంది. అక్కడ ‘ఏ’ (ఇంగ్లీషు A) అనే పేరుగల రికార్డుతో నేరుగా ఐపీ ఇవ్వడమే క్షేమం. డీనేమ్ అనే మరొక రికార్డు ఒక డొమైన్ కింది పేర్లన్నింటినీ ఒకేసారి మరొక డొమైన్ కిందికి తెస్తుంది గాని, అదీ సీనేమ్ వంటిదే. చిరునామా మార్చదు, తాను ఉన్న మూల పేరుకు వర్తించదు. మామూలు హోస్టింగ్ ప్యానెళ్లలో ఇది అరుదు కాబట్టి ఈ పనికి దానిని పరిగణించనవసరం లేదు.

ఇక రిజిస్ట్రార్ (డొమైన్ పేరును నమోదు చేసే సంస్థ) ఇచ్చే డొమైన్ ఫార్వర్డింగ్ సంగతి. ప్యానెల్‌లో పాత పేరు, కొత్త పేరు నింపి ఒక మీట నొక్కితే పని అయిపోతుంది, సర్వర్ అక్కరలేదు, అందువల్ల చిన్న దుకాణాల వారికి ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మేము కూడా మొదట ఈ మార్గాన్నే ఎంచుకున్నాము. మూడు రోజుల తరువాత ఆదోని నుంచి ఒక పత్తి వ్యాపారి ఫోన్ చేసి, తాను దాచుకున్న లింకు నొక్కితే ఆదోని ధరల పేజీ బదులు కొత్త సైట్ ముఖపేజీ వస్తోందని చెప్పారు. ఆ రిజిస్ట్రార్ సేవ చిరునామాలో పేరు తరువాత వచ్చే భాగాన్ని పూర్తిగా విస్మరించి అందరినీ ముఖపేజీకే పంపుతోంది. అంతేకాదు, పాత పేరుకు అది సర్టిఫికెట్ పొందకపోవడంతో హెచ్‌టీటీపీఎస్‌తో (హెచ్‌టీటీపీకి సురక్షిత రూపం) వచ్చిన వారందరికీ హెచ్చరికే ఎదురవుతోంది. అన్ని సేవలూ ఇలాగే ఉంటాయని అనను, కొన్ని ఆ భాగాన్ని, అంటే పేజీ మార్గాన్ని, పూర్తిగా నిలుపుతాయి, సర్టిఫికెట్ కూడా ఇస్తాయి. కానీ ఎంచుకునే ముందు ఈ రెండు విషయాలూ స్వయంగా పరీక్షించి చూడాలి. మాస్కింగ్‌తో కూడిన ఫార్వర్డింగ్ మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎంచుకోవద్దని నా గట్టి సలహా. అది కొత్త సైట్‌ను పాత పేరు గల ఫ్రేమ్‌లో బంధిస్తుంది; లోపలి ఏ పేజీకి వెళ్లినా పైన చిరునామా మారదు, లింకు ఎవరికీ పంపలేము, ఫ్రేమ్‌లో చూపడాన్ని నిషేధించిన సైట్ అయితే ఏమీ కనిపించదు.

దీనికీ సొంత సర్వర్‌కూ మధ్య మరొక మార్గం ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవలో డీఎన్‌ఎస్ పెట్టుకున్నవారు మళ్లింపు నియమాలను అక్కడే రాయవచ్చు. అప్పుడు తలుపు మీది కాగితం ఆ సంస్థ సర్వర్లలోనే ఉంటుంది, పాత పేరుకు సర్టిఫికెట్ కూడా అదే చూసుకుంటుంది. పాత సర్వర్‌ను మూసివేయదలచిన వారికి ఇది చాలా అనుకూలం. గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, పాత పేరుకు డీఎన్‌ఎస్ రికార్డు ఉండి, అది నారింజ రంగు మేఘం గుర్తుతో, అంటే ప్రాక్సీ (మధ్యవర్తిగా నిలిచే ఆ సంస్థ సర్వర్) ద్వారా వెళ్లేలా ఉంటేనే ఆ నియమం పనిచేస్తుంది. వెనుక సర్వర్ లేనప్పుడు 192.0.2.1 వంటి, ఉదాహరణల కోసమే కేటాయించిన ఐపీని ఆ రికార్డులో రాస్తారు. ఉచితంగా లభించే సర్టిఫికెట్ మూల పేరుకు, దాని కింద ఒక్క అంచెకు మాత్రమే వర్తిస్తుంది, ధరలు.కర్నూలు.పాతపేరు.ఇన్ వంటి రెండంచెల పేర్లు ఉంటే అది చాలదు.

సొంత సర్వర్ ఉన్నవారికి మాత్రం మళ్లింపును వెబ్ సర్వర్ కాన్ఫిగరేషన్‌లోనే రాసుకోవడం మంచిదని నేను నమ్ముతున్నాను, దానికి జిల్లాల విభజన కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పాత కర్నూలు సబ్‌డొమైన్‌లో నంద్యాల, ఆత్మకూరు, డోన్ ధరల పేజీలు కూడా ఉండేవి. ఇప్పుడవి నంద్యాల.కొత్తపేరు.కామ్‌కు వెళ్లాలి, ఆదోని, ఎమ్మిగనూరు పేజీలు కర్నూలు.కొత్తపేరు.కామ్‌కు వెళ్లాలి. పేరు ఒకటే, గమ్యాలు రెండు. పేజీ మార్గాన్ని చూడలేని డీఎన్‌ఎస్‌కు ఈ పని అసాధ్యం. ఎన్జిన్‌ఎక్స్‌లో అయితే పాత కర్నూలు పేరుకు ఒక సర్వర్ భాగం రాసి, నంద్యాల, ఆత్మకూరు, డోన్ మార్గాలకు ఒక్కొక్క లొకేషన్ కింద నంద్యాల గమ్యాన్ని, మిగిలిన వాటన్నింటికీ కర్నూలు గమ్యాన్ని ఇస్తే సరిపోతుంది.

ఎన్జిన్‌ఎక్స్‌లో ఈ పనికి రిటర్న్ ఆదేశాన్నే వాడాలి. రిటర్న్ 301 అని రాసి, కొత్త పేరును హెచ్‌టీటీపీఎస్‌తో సహా ఇచ్చి, దానికి ఆనించి రిక్వెస్ట్ యూఆర్‌ఐ అనే వేరియబుల్ చేర్చితే సందర్శకుడు అడిగిన మార్గమూ, ప్రశ్న గుర్తు తరువాతి భాగమూ యథాతథంగా కొత్త చిరునామాకు చేరుతాయి. ఆ వేరియబుల్ ఏటవాలు గీతతోనే మొదలవుతుంది కాబట్టి మధ్యలో మరొక గీత రాయకూడదు, రాస్తే చిరునామాలో రెండు గీతలు పడతాయి. మరొక వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన అపాచీలో రీడైరెక్ట్ ఆదేశంతో ఇదే పని చేసేటప్పుడు జాగ్రత్త దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ మొత్తం సైట్‌ను సూచించే గీత తరువాత కొత్త చిరునామా చివర కూడా గీత తప్పక ఉండాలి, లేకపోతే డొమైన్ పేరు, పేజీ పేరు ఒకదానికొకటి అతుక్కుని కొత్తపేరు.కామ్‌పత్తి వంటి లేని చిరునామా తయారవుతుంది. ఒకదాని అలవాటుతో మరొకదానిలో రాసినప్పుడే ఈ తప్పు దొర్లుతుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను పలువురు పంచుకునే చోట) ఉన్నవారికి అపాచీ ప్రధాన కాన్ఫిగరేషన్ అందుబాటులో ఉండదు కాబట్టి ఫోల్డర్ వారీగా నియమాలు రాసుకునే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలే గతి. ఆ ఫైల్‌ను సర్వర్ ప్రతి అభ్యర్థనకూ చదువుతుంది గనుక కొంత భారం ఉన్నప్పటికీ, ఒక జిల్లా స్థాయి సైట్‌కు అది అడ్డంకి కాదు. ఒకే ఫోల్డర్ నుంచి అనేక పేర్లు నడుస్తున్నప్పుడు రీరైట్ నియమానికి ముందు హోస్ట్ పేరును పరీక్షించే షరతు రాయడం మరువరాదు. అది లేకపోతే కొత్త పేరుతో వచ్చిన వారిని కూడా సర్వర్ కొత్త పేరుకే మళ్లిస్తుంది, మళ్లింపుకు అంతు లేక చివరకు బ్రౌజర్ చేతులెత్తేస్తుంది.

సబ్‌డొమైన్లు అనేకం ఉన్నప్పుడు ప్రతిదానికీ నియమం రాయడమా, వైల్డ్‌కార్డ్‌తో అన్నింటినీ ఒకేసారి పట్టుకోవడమా అన్నది మరొక ఎంపిక. ఎన్జిన్‌ఎక్స్‌లో సర్వర్ నేమ్‌కు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) ఇచ్చి, ముందున్న భాగాన్ని పట్టుకుని కొత్త డొమైన్‌కు తగిలించవచ్చు. చూడటానికి ముచ్చటగా ఉండే ఈ పద్ధతి పేర్లు ఒక్క అక్షరం కూడా మారనప్పుడే పనికివస్తుంది. మన ప్రాంతంలో ఊరి పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులు స్థిరంగా ఉండవన్నది అందరికీ తెలిసినదే. కడప పేరు ఇంగ్లీషులో 2005 దాకా సీ అక్షరంతో మొదలై రెండు డీలతో సాగేది, ఆ తరువాత కే అక్షరంతో క్లుప్తమైంది. అనంతపురానికీ ఒకటికి మించిన రాతలు వాడుకలో ఉన్నాయి. మా పాత సైట్‌లో కడపకు రెండు స్పెల్లింగులతోనూ సబ్‌డొమైన్లు ఉండేవి. ఇటువంటి చోట పట్టుకుని తగిలించే పద్ధతి చాలదు, పాత పేరుకు ఎదురుగా కొత్త పేరు రాసిన పట్టిక కావాలి. ఎన్జిన్‌ఎక్స్‌లోని మ్యాప్ అందుకోసమే ఉంది. ఇరవై, ముప్పై పేర్ల వరకు పట్టికనే ఎంచుకోమంటాను. ఏ పేరు ఎక్కడికి పోతోందో ఒక్క చూపులో కనిపిస్తుంది, పట్టికలో లేని పేరుకు మర్యాదగా 404 (పేజీ లేదు) జవాబు ఇవ్వవచ్చు. డీఎన్‌ఎస్‌లోని వైల్డ్‌కార్డ్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. నక్షత్రం గుర్తుతో రాసిన రికార్డు ఏ రికార్డూ లేని పేర్లకే వర్తిస్తుంది. ఒక పేరుకు పాఠ్యం మాత్రమే ఉండే టీఎక్స్‌టీ రికార్డు ఒక్కటి ఉన్నా ఆ పేరుకు నక్షత్రం పనిచేయదు, దానికి ‘ఏ’ (A) రికార్డును విడిగా రాయాలి.

జవాబులో వాడవలసిన సంఖ్య గురించి కూడా ఆలోచించాలి. 301 శాశ్వతమైన మార్పును, 302 తాత్కాలికమైన దానిని సూచిస్తాయి. వీటితో ఒక చిక్కు ఉంది: ఫారం నింపి పంపే పోస్ట్ అభ్యర్థనను చాలా బ్రౌజర్లు మళ్లింపు తరువాత గెట్‌గా (పేజీని అడగడానికి వాడేది) మార్చివేస్తాయి, నింపిన సమాచారం అక్కడే పోతుంది. యార్డుల నుంచి రోజువారీ ధరలు పంపే మొబైల్ యాప్ పాత చిరునామానే వాడుతుండటంతో ఆ మార్గానికి మేము 308 ఇచ్చాము. అది శాశ్వతమే గాని అభ్యర్థన పద్ధతిని మార్చనివ్వదు. తాత్కాలికంగా అదే కావాలంటే 307 ఉంది. అయితే ఆ యాప్ 308ని గౌరవిస్తుందో లేదో ముందే పరీక్షించుకోవాలి. సాధారణ పేజీలకు 301 సరిపోతుంది. కానీ 301ని బ్రౌజర్లు చాలాకాలం గుర్తుంచుకుంటాయి, తప్పు గమ్యంతో ఒకసారి ఇస్తే సర్వర్‌లో సరిదిద్దిన తరువాత కూడా ఆ సందర్శకుడు తప్పు చోటికే వెళ్తుంటాడు. అందుచేత మొదటి రెండు, మూడు రోజులు 302తో నడిపి, అన్ని పేర్లూ సరిగా వెళ్తున్నాయని నిర్ధారించుకున్నాకే 301కి మార్చడం వివేకం.

అందరూ చివర గుర్తుకు తెచ్చుకునేది సర్టిఫికెట్, నిజానికి మొదట చూడవలసినది అదే. హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చిన సందర్శకుడికి మళ్లింపు జవాబు ఇవ్వాలంటే అంతకు ముందే సురక్షిత అనుసంధానం ఏర్పడాలి, అంటే పాత పేరుకు చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉండాలి. పాత సైట్‌లో ఒక్క పేజీ కూడా మిగలకపోయినా, మళ్లింపు నడిచినంతకాలం ఈ అవసరం తీరదు. పాత సైట్ హెచ్‌ఎస్‌టీఎస్ హెడర్ (ఫలానా గడువు దాకా సురక్షితంగానే రమ్మని బ్రౌజర్‌కు చెప్పే సూచన) పంపుతూ ఉండి ఉంటే, ఆ గడువు ఉన్నంతవరకు సర్టిఫికెట్ లోపాన్ని దాటుకుని వెళ్లే వీలును కూడా బ్రౌజర్ ఇవ్వదు. వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ ఒక్క అంచె పేర్లకే వర్తిస్తుంది, మూల పేరును విడిగా చేర్చాలి. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2018 నుంచి వైల్డ్‌కార్డ్ ఇస్తున్నది గాని, దానికి డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు ద్వారా నిరూపణ తప్పనిసరి.

విడివిడి పేర్లకు ఫైల్ ద్వారా నిరూపణ చేసేవారు ఒక ప్రమాదాన్ని గమనించాలి. మళ్లింపు నియమం అన్ని మార్గాలకూ వర్తిస్తే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వెతికే నిరూపణ ఫైల్ అభ్యర్థన కూడా కొత్త సైట్‌కు వెళ్లిపోతుంది, అక్కడ ఆ ఫైల్ ఉండదు కాబట్టి పునరుద్ధరణ విఫలమవుతుంది. సర్టిఫికెట్ గడువు 90 రోజులు కావడంతో ఆ వైఫల్యం వెంటనే బయటపడదు. అంతా సవ్యంగా ఉందనుకున్న సైట్ ఒక ఉదయం హఠాత్తుగా ఆగిపోతుంది. డాట్ వెల్‌నోన్ కింద ఉండే ఆ ఒక్క మార్గాన్ని మళ్లింపు నుంచి మినహాయిస్తే ఈ సమస్య రాదు. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 2029 మార్చి నాటికి 47 రోజులకు తగ్గించాలని బ్రౌజర్ సంస్థలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి నిర్ణయించాయి గనుక, చేతితో పునరుద్ధరించుకునే అలవాటును ఇప్పుడే మానుకోవాలి.

మళ్లింపు కాకుండా రివర్స్ ప్రాక్సీ వాడమనే వారూ ఉన్నారు. పాత పేరుతో వచ్చిన అభ్యర్థనను పాత సర్వరే స్వీకరించి, కొత్త సర్వర్ నుంచి పేజీ తెచ్చి ఇస్తుంది, చిరునామా మారదు. చిరునామాను మార్చలేని పాత పరికరాలు, పాత యాప్‌లు ఉన్నప్పుడు కొంతకాలానికి ఇది మంచి ఏర్పాటే. కానీ మొత్తం రాకపోకల భారం రెండు సర్వర్ల మీదా పడుతుంది, కొత్త పేరుతో ఉన్న కుకీలు, లింకులు తికమక పెడతాయి, సెర్చ్ ఇంజిన్లలో పేరు ఎప్పటికీ మారదు. డొమైన్‌ను నిజంగా విడిచిపెట్టదలచిన వారు దీనిని ఎంచుకోరాదు.

కాబట్టి ఒకే ఒక ముఖపేజీ ఉన్న దుకాణానికి పూర్తి మార్గాన్ని, హెచ్‌టీటీపీఎస్‌ను నిలిపే రిజిస్ట్రార్ ఫార్వర్డింగ్ చాలు. పాత సర్వర్‌ను తీసివేయదలచి, నియమాలు కొద్దిగానే ఉన్నవారికి క్లౌడ్‌ఫ్లేర్ వంటి సేవ మేలు. పేజీల వారీగా గమ్యాలు మారుతున్నప్పుడు, యాప్‌లు, ఫారాలు ఉన్నప్పుడు సొంత ఎన్జిన్‌ఎక్స్ లేదా అపాచీయే మేలు.

ఏ మార్గం ఎంచుకున్నా, డీఎన్‌ఎస్ మార్చే రోజుకు ముందే రికార్డుల టీటీఎల్‌ను (ఇతరులు ఆ రికార్డును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే విలువ) 300 సెకన్లకు తగ్గించాలి. పాత టీటీఎల్ 86400 అయితే ఆ తగ్గింపును కనీసం ఒక పూర్తి రోజు ముందు చేయాలి, లేకపోతే పాత విలువను దాచుకున్నవారికి అది చేరదు. డీఎన్‌ఎస్ మార్చకముందే బ్రౌజర్ లేకుండానే పేజీలను అడిగే కర్ల్ ఆదేశంలోని రిజాల్వ్ సదుపాయంతో పాత పేరును కొత్త ఐపీకి కలిపి ప్రతి పేరునూ పరీక్షించవచ్చు. బ్రౌజర్ జ్ఞాపకశక్తి అడ్డురాదు కాబట్టి నేను కర్ల్‌నే నమ్ముతాను. పాత చిరునామా నుంచి కొత్తదానికి వీలైనంతవరకు ఒకే అడుగులో వెళ్లాలి. ముందు హెచ్‌టీటీపీఎస్‌కు, తరువాత డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకు, ఆ పైన కొత్త డొమైన్‌కు అంటూ మూడు మజిలీలు పెడితే పల్లెల్లో బలహీనమైన సిగ్నల్ మీద ధర చూసుకునే రైతుకు ఆ ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది. లాగిన్ కుకీలు ఒక డొమైన్ నుంచి మరొక డొమైన్‌కు రావు కాబట్టి వినియోగదారులు మళ్లీ లాగిన్ కావలసి ఉంటుందని ముందుగానే తెలియజేయాలి.

మళ్లింపును కనీసం ఒక సంవత్సరం నిలపాలని గూగుల్ సూచిస్తుంది. మా అనుభవంలో అది చాలదు, ఎందుకంటే యార్డు గోడల మీద, కరపత్రాల మీద అచ్చయిన క్యూఆర్ కోడ్‌లను ఎవరూ మార్చరు. పాత డొమైన్ రుసుమును మేము ప్రతి ఏటా చెల్లిస్తూనే ఉన్నాము; వదిలేస్తే దానిని మరొకరు కొని, మన లింకుల మీద వచ్చే రైతులకు తమకు నచ్చినది చూపించగలరు. బయటి సేవలను సూచించే పాత సీనేమ్‌ల విషయంలో ఇదే ప్రమాదం మరింత దగ్గరలో ఉంటుంది, సేవను రద్దు చేసి రికార్డును తీయకపోతే అదే సేవలో ఆ పేరును మరొకరు తమదిగా నమోదు చేసుకునే అవకాశం ఉంది. అందుకే ప్రతి ఆరు నెలలకు ఒకసారి పాత జోన్ ఫైల్‌నూ (డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైల్), మళ్లింపు సర్వర్ లాగ్‌లనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. సేవ రద్దయిన రికార్డులను అప్పుడే తొలగిస్తాను. లాగ్‌లో ఇంకా కనిపిస్తున్న పేర్లను మాత్రం కదిలించను, కడప పాత స్పెల్లింగుతో నేటికీ వచ్చే కొద్దిమంది కోసం ఆ వరుస పట్టికలో అలాగే ఉంది.